గోడవైపు తిప్పిన పేరు

ఆటోనగర్, విశాఖపట్నం
ఆదివారం

నాన్నకు యశస్విని నమస్కరించి రాయునది. అమ్మకు మోకాలినొప్పి తగ్గింది. నేను కాలేజీకి వెళ్తున్నాను. ఇద్దరం క్షేమమే. నీ క్షేమం అడగడం మర్యాద అని తెలుసు. ఇంత కోపం పెట్టుకుని అడిగితే అది అబద్ధమవుతుంది, అందుకని అడగడం లేదు.

నాగపూర్ గుడి పనిలో ఉండి కూడా, ఆ పాలరాయి మీద పాత పేరు మెషీన్‌తో గీకించారా అని రాశావు. గీకించలేదు. గీకనివ్వను కూడా.

కూల్చేసిన పాత సమాధుల చెత్తలో నీకు దొరికిన రోజునే ఆ రాయి మీద పేరుంది. నువ్వు దాన్ని వెనక్కి తిప్పి, నున్నటి వైపు తాతబాబు గారి కళ్యాణమండపానికి ప్రారంభ ఫలకం చెక్కావు. పాత రాత గోడ సిమెంటులో పూడిపోతుందని నీ ధీమా. నేను అడిగితే ఏమన్నావు? “ఆడెవుడో తెల్లోడు. ఆడి కోసం అడిగీవోలు ఎవులున్నారే?”

నేను అడుగుతున్నాను నాన్నా. పాత టూత్‌బ్రష్‌తో మట్టి తీసి చదివాను. ఎమిల్ గ్రూన్‌ఫెల్డ్. పుట్టింది వియన్నాలో. 1943లో విశాఖపట్నంలో, సైనిక సేవలో ఉండగా మరణం. వయసు ఇరవై నాలుగు. కింద ఇంగ్లీషులో ఒక వాక్యం: ఇక్కడ ఇతనికి బంధువులు లేరు, తోటి సైనికులు ఈ రాయి వేయించారు. పైన ఆరు కోణాల నక్షత్రం, ఏవో అక్షరాలు. ఫోటో చూసి మా హిస్టరీ సార్ దేవీప్రసాద్ గారు అవి హీబ్రూ అన్నారు. యూదుడని అక్కడి నుంచి తరిమేస్తే శరణార్థిగా మన దేశం వచ్చి, ఇక్కడే పటాలంలో చేరి ఉంటాడన్నారు. ఎలా చనిపోయాడో రాయి చెప్పదు. శరణార్థి అనే మాట నాకు ఈ నెలే దొరికింది. నోట్‌బుక్కులో రాసుకుని, పక్కన అర్థం బదులు అతని పేరు రాశాను.

నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే. తలకట్టు వంకర పోతే ఒకరి పేరు పాడుచేసినట్టే అని నా చేతి మీద కొట్టావు. ఆ చేత్తోనే ఒక పేరును గోడవైపు తిప్పావు. నీ మీద నాకు జాలి కూడా లేదు.

ఇక తాతబాబు గారి గొడవ. ఆయన వ్యాను తెచ్చేసరికి రాయి సమాధి రాత కనిపించేలా నిలబడి ఉంది. మన రాళ్ళ షాపు ముందు పదిమందిలో అరిచాడు: “పెల్లిల్లు సేసుకునే సోట సమాది రాయి పెడతార్రా?” అప్పటి నుంచి నీ దగ్గర ఫలకాలు చేయించుకున్నవాళ్ళంతా వచ్చి, తమ గోడల్లో రాళ్ళ వెనక ఏముందో చెప్పమంటున్నారు. ఎదుటి షాపువాళ్ళు నవ్వుతున్నారు. అమ్మ గుమ్మం దాటడం లేదు.

రాయి తిప్పింది ఎల్లాజీయే, వాణ్ణి షాపులో అడుగు పెట్టనివ్వొద్దు అని రాశావు. నువ్వు రాయకముందే అమ్మ ఆ పని చేసింది. ఇరవై ఏళ్ళు నీ పక్కన రాళ్ళు కోసిన ఎల్లాజీ మావయ్యను, “మా కూడు తిని మా నోట్లోనే మట్టి కొట్నావు” అని పంపేసింది. ఆయన నా వైపు చూశాడు.

“నీ నోట్లో ఇన్ని మాటలుంటాయి గదమ్మా, ఒకటి సెప్పు” అన్నాడు.

నేను చెప్పలేదు.

రాయి తిప్పింది నేను. వ్యాను రావడానికి గంట ముందు, మావయ్య టీకి వెళ్ళినప్పుడు, గడ్డపార ఆనించి తిప్పాను. వాళ్ళు చూడాలనే తిప్పాను. అరుపులు మొదలవగానే పుస్తకం తెరిచి కూర్చున్నాను. పన్నెండు రోజులుగా మావయ్య గాజువాకలో కూలీల అడ్డా మీద నిలబడుతున్నాడు. కాలేజీ బస్సు అటుగా వెళ్ళినప్పుడల్లా నేను తల దించుకుంటున్నాను. ఎమిల్ పేరు కోసం నీతో పోట్లాడుతూ మావయ్య పేరు నేనే పాడుచేశాను.

ఇంత రాసినా నీకు క్షమాపణ చెప్పడం లేదు. రాయి విషయంలో తప్పు నీదే. మావయ్యకు మాత్రం చెప్పాలి. అంతకంటే ముందు ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాలి. కొడుతుందో, ఇంట్లోంచి పొమ్మంటుందో తెలియదు. వినిపించాకే కవరు అంటిస్తాను. ఇది నీ చేతికి అందిందంటే, అమ్మకు తెలిసిందని అర్థం.

ఇట్లు,
నీ కూతురు
యశస్విని