నలభై ఒకటవ బొమ్మ

చిరంజీవి సత్యశ్రీకి పెదనాన్న దీవించి వ్రాయునది.

రాజమహేంద్రవరం నుండి నీవు పంపిన సిద్ధాంత వ్యాసాన్ని ఆసాంతం దిద్దాను. నాలుగు వందల ఏళ్లనాటి ఇంగ్లీషు నాటకాలకూ, బొమ్మ కింద పద్యం ఉండే ఆనాటి నీతి పుస్తకాలకూ గల సంబంధాన్ని చక్కగా నిరూపించావు. వాక్యదోషాలు పద్నాలుగే.

అయితే ఆ పుస్తకాల నుండి తీసి నీ వ్యాసానికి జతచేసిన వాటిలో నలభై ఒకటవ బొమ్మ విషయంలో నీకు అన్యాయం చేశాను. ఒక వృద్ధుడు బల్ల దగ్గర వ్రాసుకుంటూ ఉండగా, అస్థిపంజర రూపంలో మృత్యువు గుమ్మంలో నిలిచి ఉన్నదని నీవు వర్ణించావు. నాకు అది గది మధ్యలో కనిపించింది. పొరపాటు వ్రాశావని ఎర్ర సిరాతో కొట్టివేశాను. మరునాడు అది అతని కుర్చీ వెనుక ఉన్నది. నా దిద్దుబాటునూ కొట్టివేయవలసి వచ్చింది.

మీ పెద్దమ్మకు చూపించాను. "ఇదేంటండీ, ఈ ముసలాయన కళ్లజోడు అచ్చం మీదే! విరిగినచోట దారం కూడా మీలాగే చుట్టుకున్నాడు!" అని నవ్వింది.

ఈ ఉదయం మృత్యువు చెయ్యి ఆ వృద్ధుని ఎడమ భుజం మీద ఉన్నది. నా ఎడమ భుజం అప్పటినుండి చల్లగానే ఉన్నది.

ఆ నాటకాలలో మనిషి తన మాట ముగించేవరకు మృత్యువు వేచి ఉంటుందని మూడవ అధ్యాయంలో నీవే వ్రాశావు. ఆ వాక్యంలో నేను ఏ తప్పూ పట్టలేదు. నా మాట ఈ ఉత్తరమే; కనుక అందగానే బిగ్గరగా చదువు. విరామ చిహ్నాల దగ్గర ఆగుతూ, తొందరపడకుండా చదువు. చివరికి రాగానే మళ్లీ మొదటినుండి అందుకో.