నువ్వు మడతపెట్టిన పేజీ

లమీస్,
ములూఖియా కూర వేడి చేసుకో. మరగనిచ్చావంటే ఆకంతా అడుక్కి దిగిపోతుంది. నాయనమ్మ చేత మాత్ర నువ్వే మింగించు, లేకపోతే మింగానని బుకాయిస్తుంది.

నిన్న పక్క దులుపుతుంటే నీ కొత్త నవల దొరికింది. మీ ఈడు పిల్లల పుస్తకాల్లో ఏముంటుందిలే అని తెరిచి, పని మానుకుని మొత్తం చదివేశాను. అందులో ఆ పిల్ల, చనిపోయిన తన నాన్న చొక్కాలో మొహం దాచుకునే పేజీ మడతపెట్టావు. నన్నడగొచ్చు కదే! మీ నాన్న పోయిన నలభయ్యో రోజున ఆయన బట్టలు పంచేశానని నాతో మాటలు మానేశావు. "ఇంట్లో ఉంచకూడదమ్మా" అని నాయనమ్మ అంటే తలూపాను గానీ, ఒక కోటు దాచుకున్నాను. నీ మంచం మీద పెట్టాను.

అమ్మ

మరిచాను, అది ఇంతవరకూ ఉతకలేదు. నువ్వూ ఉతకకు.