సోమవారం ఎగరని విమానం

తొండియార్‌పేట, చెన్నపట్నం

మహాలక్ష్మి లాంటి అక్కయ్యకు తమ్ముడు రామం నమస్కరించి వ్రాసుకుంటున్నది. నా ఒళ్ళు బాగానే ఉంది, బుర్రే వేడెక్కిపోతోంది. బావగారి ఆయాసం తగ్గిందా? సుభద్ర, పసివాడు నీ దగ్గరున్నారు కనుక నాకు వాళ్ళ బెంగ లేదు. నిజంగా లేదు.

ఇక్కడ ఎండకు రోడ్ల మీద తారు కరుగుతోంది. మెస్సులో రెండు పూటలా సాంబారే. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కందిపొడి పంపు.

ఉద్యోగం సంగతి అడిగావు. ఖాయమైతే గానీ ఇల్లు తీసుకుని వాళ్ళిద్దర్నీ తెచ్చుకోలేనని నీకు తెలుసు. ఖాయం చేసే కాగితం మీద మా మేనేజరుగారు సంతకం పెట్టాలి. ముందు మీనంబాకం విమానాశ్రయంలో మా విమానాలు ఎందుకు ఆలస్యమవుతున్నాయో తేల్చమన్నారు. తేల్చాను. రాత్రి టపా విమానాలన్నీ కలిసే నాగపూరులో మంచు పడితే ఆలస్యం. టపా సంచులు రాకపోతే ఆలస్యం. పొద్దుటి విమానం ఆలస్యంగా వస్తే, తిరిగి వెళ్ళాల్సిందీ అదే కనుక సాయంత్రమూ ఆలస్యమే. వీటికి వారమూ వర్జ్యమూ లేదు. కానీ ఎనిమిది గంటల బొంబాయి విమానం మాత్రం ప్రతి సోమవారం ఆలస్యమే. మంగళవారం ఠంచనుగా లేస్తుంది!

సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. అదీ కారణం. సౌకార్‌పేట షావుకార్లు ముందే వచ్చి, సామానుతో పాటు తామూ తూకం ఎక్కి, కుర్చీల్లో బైఠాయిస్తారు. విమానం మెట్టు మాత్రం ఎక్కరు. బతిమాలితే, "రాహుకాలం పోనీ సార్. ఈడే ఉండాం గదా, యాడికి పోతాం?" అంటారు. తరచూ తిరిగే ఆసాములు, వదిలేసి ఎగరడానికి లేదు.

అదే రాసిస్తే మేనేజరుగారు మండిపడ్డారు. "పైవాళ్ళకు ఇదా పంపేది? వాతావరణం బాగాలేదని రాయవయ్యా." ఆకాశంలో మబ్బు తునక లేదు అక్కయ్యా! అయినా నోరు మూసుకుని రాశాను.

మొన్న సోమవారం పొద్దున్నే నా కాగితం పట్టుకుని విమానాశ్రయంలోనే ఉన్న ఆయన గదికి వెళ్ళాను. కలం తీశారు, గడియారం చూశారు, మళ్ళీ మూత పెట్టేశారు. "మంచి పని కదా, తొమ్మిది దాటనీ" అన్నారు. ఒళ్ళు మండింది. అయినా నిలబడ్డాను. తొమ్మిది కొట్టగానే ఆయన పెట్టె తీసుకుని లేచారు. బొంబాయి ఆఫీసులో నెలరోజుల పనట. "వచ్చాక చూద్దాంలే" అంటూ షావుకార్లతో పాటే విమానం మెట్లెక్కేశారు. విమానం ఆగింది ఆయన కోసం కూడానని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది.

సుభద్రకు నువ్వే నచ్చజెప్పు. బాబు అన్నప్రాసన ఇక్కడ మా ఇంట్లో చేసుకుందామని నేనే ఆపించాను. ఇక ఆపకండి. నీ ఆశీస్సులు వాడికీ, నాకూ కావాలి. బావగారికి నా నమస్కారాలు చెప్పి, ఆ రోజు వాణ్ణి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టు. నా కోసం చూడకండి.

నీ తమ్ముడు
రామం