నల్లబల్ల మీద నా వంకర రాత

సుబ్బయ్యా,

"ఇన్ని పుస్తకాలు చదివావు, ఈ రాత ఏందిరా, కోళ్లు కెలికినట్టు!" అని డ్రాయింగు మాస్టారివన్న పొగరుతో మన బళ్లో పిల్లల ముందే నవ్వేవాడివి. నేనేదీ మర్చిపోలేదు.

రేపు నీ సంవత్సరీకం. నరసరావుపేటలో వీడియోలు చేసే మీ అమ్మాయి పద్మ, రేపు అందరికీ చూపించే నీ జ్ఞాపకాల వీడియోలో మాటలు సుద్దముక్కతో రాస్తున్నట్టు కదలాలని నా చేత నల్లబల్ల మీద రాయించి ఫోటోలు తీసింది.

"మీ నాన్న రాత ఉందిగా?" అన్నాను.

"నాన్నది మరీ చక్కంగా ఉంటది బాబాయ్, కంప్యూటర్‌దే అనుకుంటారు. నీదైతే మనిషి రాసినట్టుంటది."

విన్నావా? నువ్వు తిట్టే, సుద్ద చెదిరిన నా అరచేతి మరకలు కూడా ఉంచేసింది. హాయిగా నవ్వుకున్నాను.

చివర నీ పేరు రాయమంది. అదొక్కటి మాత్రం నీలాగే స్కేలుతో గీత గీసుకుని, నిదానంగా రాశాను.

పద్మ దాన్ని మార్చమనలేదు.