పిలుపుల్లేని పండగ

కవాలా,
అక్టోబరు ఆఖరు వారం

నెవెనా,

ఫోనులో "ఊఁ", "ఆఁ" తప్ప నా నోట్లోంచి ఇంకో మాట రాదని పోయినసారి దెప్పావు కదా, అందుకే కాగితం తీసుకున్నాను. నేను నోరు తెరిచేదాకా ఇది ఓపిగ్గా ఆగుతుంది. నీలాగా విసుక్కుని పెట్టెయ్యదు.

ఆదివారం రెండు గోల్స్ కొట్టాను. నీకు తెలిసే ఉంటుంది, నాన్న ఈపాటికి మన చాచాక్ బజారంతా చాటి ఉంటాడు. మొదటిది తలతో, రెండోది ఎడమ కాలితో. జనం లేచి అరిచారు. మా కెప్టెన్ థానాసిస్ పరిగెత్తుకొచ్చి నా మెడకి వేలాడాడు. "ఏంట్రా, గోలు కొట్టి కూడా పన్ను పీకించుకున్నవాడిలా ఆ మొహమేంటి? కొట్టింది మన జట్టుకేరా బాబూ!" అన్నాడు. నవ్వాను. ఆ నవ్వు కూడా వాడి కోసమే. నాకు లోపల ఏమీ లేదు నెవెనా. సంతోషం లేదు, పోనీ విసుగైనా లేదు. బంతి వలలో పడింది, తీసి మళ్ళీ మధ్యలో పెట్టారు, ఆట సాగింది.

ఇది ఈ ఊళ్ళో మొదలైంది కాదు. హంగరీలో ఉన్నప్పుడే అనుమానం వచ్చింది, సైప్రస్‌లో రూఢి అయింది. ఇన్నేళ్ళలో ఆరు దేశాలు తిరిగాను. ఐదు భాషల్లో "నీ వెనక మనిషున్నాడు", "ఎడమకి వెయ్" అనగలను. గ్రీకు కాస్త మెరుగు, అందులో తిట్లు కూడా వచ్చు. పరాయి దేశం ఫార్వర్డ్‌ని తెచ్చుకునేది గోల్స్ కొట్టడానికి. కొడితే భుజాలకెత్తుకుంటారు, కొట్టకపోతే సామాను సర్దుకోమంటారు. నువ్వెలా ఉన్నావని అడిగే పని ఎవరిదీ కాదు. నేనూ నన్ను అడగడం మానేశాను.

ఆగస్టులో నువ్వు సామాను సర్దుకున్న రోజు గుర్తొస్తోంది. "లెంకా బడి మన ఊళ్ళోనే మొదలుపెట్టాలి" అన్నావు. "సరే" అన్నాను. నువ్వు సూట్‌కేసు మీద కూర్చుని నా వైపు చాలాసేపు చూశావు. జిప్పు పట్టలేదేమో అనుకుని, "నేను లాగనా?" అన్నాను. నువ్వే లాగేసుకున్నావు.

ఏజెంటు వదలడం లేదు. కజఖ్‌స్తాన్‌లో ఒక క్లబ్బు, జనవరి నుంచి రెండేళ్ళు; ఇక్కడి ఒప్పందం నుంచి వాళ్ళే డబ్బిచ్చి విడిపిస్తారట. "తమ్ముడూ, ముప్ఫై రెండేళ్ళ ఫార్వర్డ్‌కి ఇంతకంటే ఏం కావాలి? ఆలోచించుకోవడానికి నువ్వేమైనా ప్రొఫెసరువా?" అంటాడు. స్లావా పండగ అయ్యాక చెప్తానన్నాను. మన ఇంటి పుణ్యపురుషుడు దిమిత్రి రోజు ఎలాగూ దగ్గర పడింది కదా.

నా చిట్టితల్లి లెంకాకి ముద్దులు.

నీ రాస్త్కో


కవాలా,
నవంబరు, స్లావా మర్నాడు

నెవెనా,

పండగ అయిపోయింది. ఎలా జరిగిందో నీకే చెప్పాలి, ఇంకెవరికి చెప్పినా నవ్విపోతారు.

మన పెళ్ళైన ఏడాది నాన్న పండగ రొట్టె రెండుగా విరిచి సగం నా చేతిలో పెట్టాడు గుర్తుందా? "ఇకనుంచి నీ స్లావా నీదిరా. నీ ఇల్లెక్కడుంటే దిమిత్రి అక్కడికే వస్తాడు" అన్నాడు. అందుకని ఇక్కడే చేశాను. గోధుమలు ఉడకబెట్టి, రుబ్బి, అక్రోట్లూ పంచదారా కలిపి గోపురంలా నిలబెట్టాను. నీ చేతిలో నిలిచినట్టు నిలవలేదు, ఒక పక్కకి ఒరిగింది. రొట్టె, గోధుమలు పట్టుకుని ఇక్కడి చర్చికి వెళ్ళాను. గ్రీకు ఫాదరు గడ్డం నిమురుకుంటూ, "నాయనా, దిమిత్రి పండగ వెళ్ళిపోయి రెండు వారాలైందే! ఇన్నాళ్ళూ నిద్రపోయావా?" అన్నాడు. "మా సెర్బియాలో చర్చిది పాత క్యాలెండరండీ, మా ఇంటికి ఆయన ఇవాళే వస్తాడు" అన్నాను. నన్ను చూసి జాలిపడి రొట్టె మీద వైను చల్లి దీవించాడు. "చుట్టాలు చాలామంది వస్తున్నారా?" అని అడిగాడు. వస్తారన్నాను.

కింద కాఫీ కొట్టు నుంచి కుర్చీలు అడిగి తెచ్చాను. మాంసం వేయించాను, రకియా సారా సీసాలు బల్ల మీద పెట్టాను. కొవ్వొత్తి వెలిగించి, కోటు వేసుకుని నిలబడ్డాను. స్లావా నాడు ఇంటి యజమాని కూర్చోడు కదా, వచ్చినవాళ్ళకి వడ్డిస్తూ నిలబడే ఉంటాడు. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా నిలబడ్డాను. ఎవరూ రాలేదు. ఒక్క మనిషి కూడా.

ఎలా వస్తారు? నేనెవర్నీ పిలవలేదు. స్లావాకి పిలిచే ఆనవాయితీ మన వంశంలోనే లేదు. తెలిసినవాళ్ళు తలుపు తోసుకుని వస్తారు, అంతే. "గురువారం మా ఇంటి పుణ్యపురుషుడి రోజు" అని డ్రెస్సింగ్ రూములో ఒకసారి అన్నాను, అదే ఎక్కువనుకున్నాను. ఇవాళ సంగతి తెలిసి థానాసిస్ నెత్తి కొట్టుకున్నాడు. "పిలవకపోతే ఎలా వస్తాంరా? మీ ఊళ్ళో జనం సోదె చెప్పించుకుని భోజనాలకి వెళ్తారా? ఒక్క మాటంటే మా ఆవిణ్ణీ మా అత్తనీ కూడా లాక్కొచ్చేవాణ్ణి కదరా!" అన్నాడు. మిగిలిన మాంసమంతా వాడే తిన్నాడు.

కానీ నెవెనా, నేను నిలబడింది వీళ్ళ కోసం కాదు. నువ్వొస్తావని. బెల్‌గ్రేడ్ నుంచి బస్సు నీకు తెలుసు, దారి తెలుసు, రోజు తెలుసు. మెట్ల మీద ఏ చప్పుడైనా లెంకా బూట్లేమో అనిపించింది. నువ్వొస్తే కజఖ్‌స్తాన్ వద్దని చెప్పేసి, మే నెలలో ఇక్కడి ఒప్పందం ముగిశాక ఆట మానేసి ఇంటికి వచ్చేద్దామనుకున్నాను. ఈ మాట నీకు ముందే చెప్పలేదు. చెబితే నా మీద జాలితో వస్తావు. పిలవకుండా నీ అంతట నువ్వు రావాలనుకున్నాను.

ఆనవాయితీ ప్రకారం కొవ్వొత్తి మీద వైను పోసి ఆర్పాను. కాళ్ళు పీకాయి. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు. గిన్నెలు కడిగేసి ఏజెంటుకి ఫోన్ చేసి, "కాగితాలు పంపు, సంతకం పెడతాను" అన్నాను. "శభాష్!" అన్నాడు. నువ్వు నన్ను వదులుకున్నావని నాకు అర్థమైంది. తప్పు పట్టను, ఇలాంటివాడితో ఎవరుంటారు? సెలవులకి లెంకాని చూడనిస్తే చాలు.

రాస్త్కో


చాచాక్,
నవంబరు ఆఖరు

రాస్త్కో,

నీ ఉత్తరం చదివి తిట్టుకున్నాను. రెండోసారి చదివి ఇంకా తిట్టుకున్నాను. మూడోసారి మీ నాన్నకి చదివి వినిపించాను, ఆయన కూడా తిట్టాడు.

నేను నీకు చుట్టాన్నా? ఇంటావిడ తన ఇంటి పండక్కి బస్సెక్కి వచ్చి తలుపు తడుతుందా? నువ్వు అద్దెకుంటున్న ఆ మూడో అంతస్తు గది మన ఇల్లెప్పుడైందయ్యా? ఇల్లిక్కడుంది. అందులో నేనూ నీ కూతురూ ఉన్నాం. ఆ రోజే ఇక్కడా గోధుమలు ఉడికాయి. ఇక్కడా కొవ్వొత్తి వెలిగింది. నేనూ నిన్ను పిలవలేదు. ఇంటాయన్ని ఆయన స్లావాకి ఎవరైనా పిలుస్తారా? వస్తావని ఎదురుచూశాను.

ఇల్లు నిండా జనం. మీ నాన్న కిటికీ దగ్గరే కుర్చీ వేసుకుని, "వాడు రాడంటావా అమ్మాయ్?" అని అడుగుతూనే ఉన్నాడు. "బస్సు ఆలస్యమై ఉంటుంది మామయ్యా" అన్నాను. ఎదురింటి దెసాంకా పిన్ని ఊరుకుంటుందా? "ఏమే, మొగుడేడీ?" అంది. "గోల్స్ కొడుతున్నాడు పిన్నీ" అన్నాను. "గోల్స్ అక్కడ కొడితే రకియా ఇక్కడెవరు పోస్తారే?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికీ పోశాను, సాయంత్రం దాకా నేనే నిలబడ్డాను. ఫాదరు వచ్చి, తనతో కలిసి పండగ రొట్టె పట్టుకుని గుండ్రంగా తిప్పడానికి ఇంటి యజమాని రావాలన్నాడు. మీ నాన్న లేవబోతుంటే లెంకా గబగబా వచ్చి రొట్టె కింద చేతులు పెట్టి, "ఇవాళ నేనే నాన్నని" అంది. ఎవరూ నవ్వలేదు.

నీకింకో సంగతి చెప్పాలి. సూట్‌కేసు మీద కూర్చుని నిన్ను చూసింది జిప్పు కోసం కాదు. "వెళ్ళకు" అంటావేమోనని. అని ఉంటే అక్కడికక్కడే అన్నీ బయటికి తీసి పడేసేదాన్ని.

నిన్ను నేను వదులుకోలేదు. కానీ కజఖ్‌స్తాన్‌కి రాను, నువ్వు వెళ్తే మాత్రం ఇక ఎదురుచూడను. ఇది బెదిరింపు కాదు, నాకు ఓపిక లేదు. నువ్వు గోల్స్ కొట్టినా కొట్టకపోయినా, మాట్లాడినా గోడలా కూర్చున్నా నాకు ఫర్వాలేదు. ఆనవాయితీ మాట ఎలా ఉన్నా నేను పిలుస్తున్నాను. ఇంటికి రా.

నెవెనా


కవాలా,
డిసెంబరు

నెవెనా,

నీ ఉత్తరం ఆట ఉన్న రోజు పొద్దున అందింది. నిజం చెప్పాలి, చదివినప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. నెవెనా పిలిచినా ఏమీ అనిపించనివాడు ఇంటికి వెళ్ళి ఎవర్ని ఉద్ధరిస్తాడు అనుకుంటూ బూట్లు కట్టుకున్నాను.

ఆట ఆఖర్లో పెనాల్టీ దొరికింది. నేనే కొట్టాలి. బంతి గోలు మీదుగా ఎక్కడికో పోయింది. మనవాళ్ళే ఈలలేసి తిట్టారు. ఇలాంటివి బోలెడు చూశాను, తల దించుకుని వెనక్కి నడవాలి, అంతే. నాలుగడుగులు వేశాను. లెంకా చిన్న చేతులు రొట్టె కింద కనిపించాయి. గడ్డిలో కూలబడి పెద్దగా ఏడ్చేశాను. రిఫరీ లెమ్మన్నాడు. అవతలి గోల్‌కీపరు వచ్చి వీపు తట్టాడు. ఈలలు ఆగిపోయాయి. థానాసిస్ నా చంకలో చేతులేసి లేపుతూ, "ఒరేయ్, ఒక్క పెనాల్టీకి ఇంత ఏడుపేంట్రా, పరువు తీస్తున్నావు!" అన్నాడు.

కజఖ్‌స్తాన్ కాగితాలు సంతకం పెట్టకుండానే వెనక్కి పంపేశాను. ఏజెంటు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. మే దాకా ఇక్కడ ఆడాలి, తప్పదు. క్రిస్మస్‌కి మాత్రం నాలుగు రోజులు సెలవడిగాను, కోచ్ ఇచ్చాడు. ఆ రోజు నుంచీ గుండెల్లో మెలిపెడుతున్నట్టుగా ఉంది, ఇది రాస్తుంటే కూడా తగ్గలేదు. తగ్గకపోతేనే బాగుంటుందనిపిస్తోంది.

లెంకాతో చెప్పు, ఇక తను నాన్నగా ఉండక్కర్లేదని. నాన్న వస్తున్నాడు.

నీ
రాస్త్కో