వెల్డు చేసిన మంచం

ఫిబ్రవరి 2

జీపు మీద మళ్ళీ పావురాలు. కవరు చిరిగింది. కొత్తది కొనను.

సొసైటీ చైర్మన్ మెట్ల దగ్గర ఆపాడు. "కాకా, జీప్ నూ కాయ్ విచార్యూ?" దాని సంగతి ఏమైనా ఆలోచించారా అని. మా అమ్మాయి వసుధ పోయినప్పటి నుంచి ఆలోచించడం తప్ప ఇంకేం చేశాను... అది చెప్పలేదు. పాసింగు ఉంది, చేయిస్తాను అన్నాను. నిజమే. వచ్చే నెలతో బండికి పదిహేనేళ్ళు నిండుతాయి. తనిఖీకి తీసుకెళ్ళాలి, పాసవ్వాలి. లేకపోతే రోడ్డెక్కకూడదు.

బండి నా పేరు మీదే ఉంది. బండిలో ఉన్నదంతా మా అమ్మాయిది.

ఫిబ్రవరి 5

అన్నయ్య ఫోను. "ఆడపిల్లకి జీపేమిట్రా అని ఆనాడే చెప్పాను, విన్నావా" - పలకరింపు ఇదీ.

ఆయన లెక్కలో వసుధని జీపు మింగింది. డాంగ్ అడవుల్లో ఆమె ఎన్ని వాగులు దాటింది, ఎన్ని బురదల్లో దిగబడి లేచింది. ఒంటి మీద గీత పడలేదు. చంపింది దోమ. ఆరో అంతస్తులో, తెర కట్టిన కిటికీ పక్కన. డెంగీ. ఇది ఎవరికి చెప్పినా ఓపిగ్గా విని, "అయినా..." అంటారు. ఆ 'అయినా' అన్నవాళ్ళందరినీ ఒక గదిలో పెట్టి తాళం వేయాలని ఉంటుంది.

దుఃఖం గురించి నేను చదివినంత ఈ సొసైటీలో ఎవరూ చదివి ఉండరు. ఒక్క వాక్యం అక్కరకు రాలేదు.

ఫిబ్రవరి 8

వసుధతో అడవి దారులు తిరిగిన బృందంలో ఒకడు వచ్చాడు. పళ్ళు తెచ్చాడు. సోఫాలో అంచు మీద కూర్చున్నాడు. కళ్ళు మాత్రం కిటికీలోంచి కింద పార్కింగులో.

"అంకుల్, వించ్ ఇచ్చేస్తారా? పడి ఉంటే తుప్పు పడుతుంది కదా." దిగబడ్డ బండిని తాడుతో లాక్కునే యంత్రం అది. ఆమె పోయిన పదో రోజునే ఇంకొకడు టైర్లు అడిగాడు. వీళ్ళే వాట్సాప్ గ్రూపులో ఆమె ఫోటోకి దండ వేసి, కింద గుర్రాలూ కొండలూ బొమ్మలు పెట్టారు.

పళ్ళు వాచ్‌మన్‌కి ఇచ్చాను.

ఫిబ్రవరి 10

బమ్రోలి. సత్తయ్య షెడ్డు. మరమగ్గాలు బాగుచేసే పని వదిలేసి బండ్లకు ఇనుప పని చేస్తున్నాడు చాలా కాలంగా. వసుధకి వెల్డింగు నేర్పింది ఇతనే. నోరు మూతపడదు. సగం అబద్ధాలు.

"బండి గిట్లనే తీస్కపోతే గేటు కాడనే ఎల్లగొడ్తరు సార్. లిఫ్టు జేసిన స్ప్రింగులు, గీ పెద్ద టైర్లు, తొండం లెక్క గీ గాలిగొట్టం, ముంగట ఇనుప బంపరు - ఏది సుత ఆర్సీల లేదు."

"మరి అందరూ ఎలా చేయిస్తున్నారయ్యా?"

షెడ్డు మూల చూపించాడు. సన్నటి పాత టైర్లు, కంపెనీ బంపరు, కంపెనీ స్ప్రింగులు. పాసింగు టైర్లట. పాసింగు బంపరట. ఎవరి బండి పాసింగుంటే వాళ్ళకి ఒక్క రోజుకు తొడుగుతాడు. సాయంత్రం విప్పేసి వాళ్ళ సరుకు వాళ్ళకు బిగిస్తాడు. ఊళ్ళో ఉన్న ఇలాంటి జీపులన్నీ ఈ ఒక్క జత బట్టల్లోనే వెళ్ళొచ్చాయి.

"గంతే సార్. పాసింగు నాడు బండి పెండ్లికొడుకు లెక్క తయారైతది. ఇంటికొచ్చినంక మల్ల లుంగీ కట్టుకుంటది."

నవ్వాడు. నాకూ రాబోయింది నవ్వు. మింగాను.

ఫిబ్రవరి 11

నిద్ర సరిగా పట్టలేదు. ఆ టైర్లే.

సర్వీసంతా బీమా కంపెనీ తరఫున మిల్లులు తనిఖీ చేశాను. పల్సానాలో ఒక అద్దకం మిల్లులో మంటలార్పే సిలిండరు చూశాను - ఎర్రగా, నిగనిగలాడుతూ, పక్కన సొట్టతో. మర్నాడు ఇంకో మిల్లులో అదే సొట్ట. ఆ తర్వాత వారం మూడో మిల్లులో. నేను వెళ్ళే దారి తెలుసుకుని సిలిండరు నాకంటే ముందు వెళ్ళేది. మూడు మిల్లుల మీదా రాశాను. మా మేనేజరు పిలిచి, "ఇంత చదువుకున్నారు, ఆ మాత్రం తెలియదా మీకు" అన్నాడు. ప్రమోషను ఆయన బంధువుకి వచ్చింది. ఆ మేనేజరుకి కిందటేడు సన్మానం జరిగిందట. శాలువా కప్పారట. ఉక్కపోతగా ఉండి ఉంటుంది.

ఇప్పుడు ఆ సిలిండరు నన్నే పట్టుకుని వెళ్ళమంటున్నారు.

ఫిబ్రవరి 15

అల్లుడు ప్రకాశ్ వచ్చాడు. ఆదివారం బ్యాంకు ఉండదు. బూట్లు విప్పి వరసగా పెట్టాడు. ఈ మనిషి వసుధతో ఒక్క రాత్రి అడవికి వెళ్ళలేదు. పురుగులంటే పడదు. పెళ్ళయిన కొత్తలో నేను అడిగితే, "నాకు ఆదివారం పడుకోవడం ఇష్టం మామయ్యా" అన్నాడు. నేను మర్చిపోలేదు.

"జీపు విషయం ఏమనుకున్నారు?"

"నీకెందుకు?"

టీ కప్పు పక్కకి జరిపాడు.

"పాసింగు చేయించేద్దాం మామయ్యా. అవసరమైనవి తీసేద్దాం. బండి తిరగాలి."

అవసరమైనవి తీసేద్దాం. బ్యాంకువాళ్ళ భాష. అప్పులు రద్దు చేసేటప్పుడు వాడతారేమో.

ఫిబ్రవరి 16

వంకాయ మాడింది. తిన్నాను.

ఫిబ్రవరి 19

సత్తయ్య ఒక్కొక్కటే విప్పుతున్నాడు. విప్పమన్నాను. చూద్దాం, ఎంతవరకు పోతుందో. బంపరు - విప్పాడు. గాలిగొట్టం - విప్పాడు. పక్కన పరుచుకునే నీడ గుడ్డ, పైన సామాన్ల కేరియరు, నీళ్ళ ట్యాంకు... అన్నీ బోల్టులే. వరసగా నేల మీద. పోస్టుమార్టం బల్ల గుర్తొచ్చి బయటికెళ్ళి నిలబడ్డాను.

పిలిచాడు. "సార్, జర ఇటు రాండ్రి. లొల్లి ఈడున్నది."

వెనక భాగం. ఆర్సీలో ఏడు సీట్లు. వెనక సీట్లు తీసేసి వసుధ మంచం చేసుకుంది. ఇనుప గొట్టాల ఫ్రేము, కింద పొయ్యి సొరుగు, పైన చెక్క. చెక్క ఎత్తాడు. ఫ్రేము కాళ్ళు బోల్టులతో లేవు. బండి నేలకే వెల్డు చేసేసింది. చుట్టూ, పూర్తిగా, బొద్దుగా. ఎత్తుపల్లాల్లో మంచం కదలకూడదని.

"నేను మొత్తుకున్న సార్. బిడ్డా, బోల్టులెయ్యి, రేపు పాసింగుకు ఇప్పుకోవచ్చు అని. ఇంటదా? 'కాకా, చాల్సే! ఇది నేను విప్పను' అన్నది. ఇప్పనంటే ఇప్పనన్నది."

గొంతు అచ్చం ఆమెలా పెట్టాడు. చాల్సే, అంటే ఫరవాలేదు, నడుస్తుంది - ఆ గుజరాతీ సాగదీతతో సహా. వద్దని చెయ్యి ఊపాను.

"బోల్టయితే ఇప్పుత. వెల్డయితే కొయ్యాలె. కోస్తే మల్ల అదే అతుకు రాదు సార్. నా అతుకైతది."

ఫిబ్రవరి 20

నా అతుకైతది.

ఫిబ్రవరి 22

ప్రకాశ్ మళ్ళీ. షెడ్డుకే వచ్చాడు, ఇంటికి కాదు. అంటే సత్తయ్యతో విడిగా మాట్లాడుతున్నాడన్నమాట. ఇద్దరి మీదా కోపం వచ్చింది.

చెప్పేశాను. కొయ్యనివ్వను. పాసవ్వకపోతే పోనీ. పార్కింగులో ఉంటుంది. ఆమె చేసిన పని ఉంటుంది.

"ఉండి? పావురాలకా?" అన్నాడు. గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచడు. అదొక పొగరు.

"నీకేం తెలుసయ్యా దాని విలువ. ఏనాడైనా ఎక్కావా అందులో?"

సత్తయ్య గ్రైండరు కింద పెట్టి, బీడీ తాగే నెపంతో బయటికెళ్ళాడు. ప్రకాశ్ మంచం ఫ్రేము మీద చెయ్యి పెట్టాడు. పెట్టిన చోటు చూశాను - అలవాటైన చోటులా.

"ఇది చేసిన రోజు నేనే పట్టుకున్నాను మామయ్యా. ఆమె ఈ నేల మీద పడుకుంది, నేను చుట్టూ చాక్‌పీసుతో గీశాను. కొలత అదే. వెల్డింగప్పుడు అద్దం ఒక్కటే ఉంది, ఆమె పెట్టుకుంది. నన్ను అటు చూడమంది. నేను ఇటే చూశాను. ఆ రాత్రంతా నా కళ్ళ మీద బంగాళాదుంప ముక్కలు పెట్టి కూర్చుంది."

ఆ మర్నాడు అతను నల్లద్దాలతో భోజనానికి వచ్చాడు. గుర్తుంది. దర్జా అనుకున్నాను.

"ఎక్కలేదు. నిజమే. నాకు భయం. కానీ ఇది కదలకుండా నిలబడితే చూడలేను. మంచం కోస్తే కోశారు. ఇనుమే కదా. బండి మాత్రం డాంగ్‌లో మహల్ ఊరి దారిలో మోదుగలు పూసేటప్పటికి అక్కడ ఉండాలి. ప్రతి ఏడూ వెళ్ళేది."

నాకు తెలుసు ప్రతి ఏడూ వెళ్ళేదని. నాకు చెప్తున్నాడు.

ఫిబ్రవరి 23

బండి ఆపితే ఆమె పని మిగులుతుంది. బండి నడిపితే ఆమె పని పోతుంది. ఇంతే ఉన్నది. ఎన్ని పేజీలు రాసినా ఇంతే.

ఒకటి మాత్రం ఒప్పుకోలేకుండా ఉన్నాను. ఆ మంచం గురించి నా దగ్గర ఉన్నదేమిటి? అయిపోయాక చూశాను, బాగుందన్నాను. చాక్‌పీసు అతని చేతిలో ఉంది. ఇన్నాళ్ళూ ఈ జీపు నాకూ ఆమెకూ మధ్య సంగతి అనుకుంటూ వచ్చాను. ఈ మనిషి అదీ మిగల్చలేదు.

ఫిబ్రవరి 26

తేల్చుకున్నాను. సత్తయ్యకి ఫోను - విప్పినవన్నీ విప్పినట్టే ఉంచు. నీ పాసింగు టైర్లూ బంపరూ స్ప్రింగులూ వద్దు, పాతబజారులో మా బండికి సరిపడేవి కొనుక్కొస్తాను. మంచం అలాగే. అలాగే తీసుకెళ్తాను. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

"ఫెయిలైతది సార్."

"అవనీ."

"మీరు ఏం సదువుకున్నరో గాని సార్..." ఆ వాక్యం పూర్తి చేయలేదు. ఈ వాక్యాన్ని నా జీవితంలో ఎవరూ పూర్తి చేయలేదు.

మార్చి 3

పాసింగు మైదానం. పొద్దెక్కేలోపే లైను. ఆటోలు, స్కూలు వ్యాన్లు, నిన్న రాత్రే రంగు పూసుకున్న లారీలు. అన్నిటికీ కొత్త బట్టల మొహం. ప్రకాశ్ నడిపాడు. నా మోకాలు క్లచ్చు తొక్కనివ్వడం లేదు. మొదటిసారి ఎక్కాడు. స్టీరింగు రెండు చేతులతో, గుడిలో పళ్ళెం పట్టుకున్నట్టు.

తనిఖీ అబ్బాయి చిన్నవాడు. మా వసుధ వయసుండదు. ఇంజను నంబరు, లైట్లు, బ్రేకు. మెల్లిగా, వరసగా. వెనక తలుపు తీశాడు.

"యే క్యా హై, కాకా?"

"పలంగ్."

"సీట్ కహాఁ హై?"

"నికాల్ దీ." తీసేశామన్నాను.

మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేశాడు. అతుకుల వెంట వేలు పోనిచ్చాడు, కాలు కాలుకీ. "కామ్ అచ్ఛా హై. కిస్‌నే కియా?" పని బాగుంది, ఎవరు చేశారు అని.

"మేరీ బేటీ నే."

ఆమె ఎక్కడుంది అని అడగలేదు. ప్రకాశ్ ముఖం చూసి ఉంటాడు. లేచాడు, ప్యాంటు దులుపుకున్నాడు, రాశాడు. ఫెయిల్. సీట్లు పెట్టించి తెస్తే మళ్ళీ చూస్తానన్నాడు, తొమ్మిదో తారీఖున తనే ఉంటానన్నాడు. టీ డబ్బులకని చెయ్యి చాపలేదు. పక్కన ఏజెంటు ఏదో గొణిగితే, "నహీ హోగా" అని అటు తిరిగాడు.

సరిగ్గా రాశాడు. నేనైనా అదే రాసేవాణ్ణి. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళలో తప్పు పట్టలేకపోయిన మనిషి ఒక్కడు కనిపిస్తే, వాడు ఇది చేశాడు.

మార్చి 5

ప్రకాశ్ ఫోను. సీట్ల మాట. పాత సీట్లు మా బాల్కనీలోనే ఉన్నాయి, నేను పేపరు చదివేది వాటి మీదే. దులిపాను. ఎందుకు దులిపానో తెలియదు.

"మీరెలా అంటే అలా మామయ్యా."

అందరూ ఇదే. ముందు వాదిస్తారు, చివర్లో మనమీద వదిలేస్తారు. వాదించేవాడిగానే ఉండిపోయి ఉంటే బాగుండేది. తిట్టడానికి ఒకడు ఉండేవాడు.

మార్చి 6

డాంగ్‌లో మోదుగలు పూసేశాయట. వించ్ అడిగినవాడు గ్రూపులో ఫోటోలు పెట్టాడు. కొండ కొండంతా నిప్పు.

చూశాను. మళ్ళీ చూశాను.

మార్చి 8

రేపు తొమ్మిది. సత్తయ్యని ఇంటికే రమ్మన్నాను. కోసేదైతే ఇక్కడే, నా ముందు. కోయనిదైతే వచ్చినందుకు టీ తాగి పోతాడు. ప్రకాశ్‌కి కూడా అదే చెప్పాను.

పొద్దున్నే వాళ్ళకంటే ముందు కిందికి దిగాను. వెనక తలుపు తీసి ఎక్కాను. ఎక్కడానికి చాలాసేపు పట్టింది, వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు, పొమ్మన్నాను. పడుకున్నాను.

పొట్టిది. పాదాలు బయటికి వచ్చాయి. భుజాలు అటూ ఇటూ గొట్టాలకు ఆనాయి. ఇంకెవరికీ పట్టదు ఈ మంచం. ఆమె కొలత. అంగుళం ఎక్కువ లేదు. పైన రేకు దగ్గరగా ఉంది, చల్లగా. చెయ్యి కిందికి పోనిచ్చి అతుకు దొరకపుచ్చుకున్నాను. చెక్క కింద, కాలు మొదట్లో. గరుకు. ఒక చోట మాత్రం బొట్టు కారి గడ్డ కట్టింది - అక్కడ చెయ్యి వణికిందో, ఎవరో నవ్వించారో.

బైకు ఆగిన చప్పుడు. మాటలు. సత్తయ్య వైరు విప్పుతూ, "ప్లగ్గు యాడున్నది భయ్యా" అని వాచ్‌మన్‌ని అడుగుతున్నాడు.

ప్రకాశ్ తలుపు దగ్గరికొచ్చాడు. నా పాదాలు చూశాడు. లెమ్మనలేదు. అక్కడే నిలబడ్డాడు, తను ఎక్కడానికి చోటు లేదు కదా.

"సత్తయ్య వచ్చాడు మామయ్యా."

"ఉండమను."

చాలాసేపటికి లేచాను. ఇది రాయడానికి పైకి వచ్చాను. వాళ్ళిద్దరూ ఇంకా కిందే ఉన్నారు, కొయ్యమంటానో వద్దంటానో అని.