కడగని డబ్బా

కరీంనగర్

బాపూ,

నువ్వు బస్సులో పంపిన డబ్బా అందింది. మన షెడ్డులో లారీలు కడిగిన ఆ నీళ్లను నేను తయారుచేసిన ప్లాస్టిక్ పొర మీద పోశాను. ల్యాబులో ప్లాస్మా అనే కరెంటు మెరుపు తగిలించిన పొర అది. నీళ్లను వదిలి నూనెను ఆపాలి. నూనె కూడా దిగిపోయింది. "ఇది పనికి రాదమ్మా, వేరే పని చూసుకో" అన్నారు మా ప్రాజెక్టు చూసే సార్.

నేను ఒప్పుకోలేదు. డబ్బా వాసన చూస్తే నిమ్మకాయ సబ్బు. అవ్వకు ఫోన్ చేశాను.

"కాలేజీకి పోయే డబ్బా గలీజుగ ఎట్ల పంపుతం బిడ్డా? సర్ఫ్ ఏసి కడిగిన. నీళ్లల్ల గూడ జరంత ఏసిన" అన్నది.

సబ్బు కలిస్తే నూనె సన్నటి చుక్కలై నీళ్లతో పాటే జారిపోతుంది. తప్పు పొరది కాదు.

మన షెడ్డు మురుగు పక్కనున్న ప్రేమ్‌చంద్ మామ బావిలోకి దిగుతోందని షెడ్డు మూసేస్తానన్నావట. మూయకు. కాలువలోకి మాత్రం చుక్క వదలకు, డ్రమ్ముల్లో పట్టి ఉంచు. ఈ పొర పనిచేసేదాకా నేను ఊరుకోను.

ఇంకో డబ్బా పంపు, డీజిల్ మరకలతోనే. అవ్వను దాని దగ్గరికి రానీయకు. సార్ ముందు మూత నేనే తీస్తాను.

నీ బిడ్డ